రాసిచ్చిన మాట

పొద్దున్నే రెండూ లిఫ్టు మీదికి ఎక్కినాయి.
ఒకటి పసుప్పచ్చది, రెండువేల ఎనిమిది మోడలు,
ఇంకొకటి బూడిద రంగుది, తొమ్మిదేళ్లు చిన్నది.
ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ముక్కు.
అక్కాచెల్లెళ్లు అనుకుంటాం గానీ
కింద పడుకుని చూస్తే
ఒకదాని రక్తం ఇంకొకదానికి ఎక్కదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు మా రాయచోటిలో.
ఈ షువైఖ్ షెడ్డులో పదకొండేళ్లుగా
ఆ సామెత తిరగబడటమే చూస్తున్నా.
పాతదాన్ని చూసే జనం ఫోన్లు తీస్తారు.

అబూ మిషాల్ స్టూలు మీద కూర్చుని
చక్కెర లేని టీ ఊదుకుంటున్నాడు.
డెబ్బై దాటినాయి, ఒక మోకాలు మార్పించుకున్నాడు.
ఓబులేసు అనే నా పేరు ఆయన నోట్లో
అబూ లైత్ అయింది.
సింహం అనే కొడుక్కి తండ్రి అని అర్థమంట.
నాకున్నది ఇద్దరు ఆడపిల్లలు. దిద్దలేదు.

"చెప్పు అబూ లైత్, ఏది?"

పసుపుదాని క్లచ్చు ముప్పాతిక అరిగింది.
టాపు మడిచే పంపు నూనె కారుతోంది.
కప్పు సగం లేచి
నమస్కారం పెట్టాలా వద్దా అని ఆలోచించే మనిషిలా
గాల్లో ఆగిపోతుంది,
చేత్తో ఒక తోపు తోస్తే గానీ కూర్చోదు.
ఆరుగురు ఓనర్లు.
సీటు పట్టాల కింద ఇసుక, పిస్తా తొక్కలు,
ఎవరి పిల్లదో ఎర్ర క్లిప్పు.

బూడిదదానికి జబ్బు లేదు.
పద్నాలుగు సెకన్లలో కప్పు తీసేస్తుంది,
నడుస్తూనే, చప్పుడు లేకుండా,
మర్యాద తెలిసిన చుట్టం చెప్పులు విడిచినట్టు.
దానికి ఎక్కడ నొప్పో నాకు చెప్పదు,
షిబిన్ లాప్‌టాప్‌కి చెబుతుంది.
ఆ పిల్లోడు వైరు గుచ్చి, స్క్రీను చదివి,
చేతికి మరక కాకుండానే అన్నానికి పోతాడు.

అదిగో, అక్కడే నా ముల్లు.
పసుపుది కొంటే నెలకొకసారి నా దగ్గరికి వస్తుంది.
బూడిదది కొంటే నేను టైర్లలో గాలి పట్టడానికే.
ఇక నేను ఏం చెప్పినా
అందులో నా జీతం వాసన కొడుతుంది.

అసలు ఈ ఊళ్లో కప్పు తీసి తిరిగే రోజులు ఎన్ని?
నవంబరు నుంచి మార్చి,
అందులో దుమ్ము రోజులు తీసెయ్.
అన్ని వేల దినార్లు పెట్టి
నాలుగు సాయంత్రాల ఆకాశం కొనుక్కోవడం.
నా నెత్తి మీది కప్పు మాత్రం పదకొండేళ్లుగా
నిజాముద్దీన్ మంచం పలక.
దానికి పంపు లేదు, మోటారు లేదు,
ఆయన పక్కకు తిరిగితే కిర్రుమంటుంది, అంతే.

రాత్రి ట్రయలుకు పోయినాం, సముద్రం రోడ్డు మీద.
ముందు బూడిదది. నేను పక్కన కూర్చున్నా.
ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.
తర్వాత పసుపుది. మోకాలు క్లచ్చు తొక్కనీలేదు,
తాళం నా చేతిలో పెట్టినాడు.
టవర్లు దాటినాక, మూడో గేరులో,
వీపు వెనక ఇంజను
మెట్ల మీద ఇత్తడి గంగాళం దొర్లినట్టు గొంతెత్తింది.
ఉప్పుగాలి మొహాన కొట్టింది.
ముసలాయన ఎగిరిపోబోయే తలగుడ్డను పట్టుకుని
పళ్లన్నీ బయటపెట్టి నవ్వినాడు.
ఒక పన్ను బంగారుది. ఇన్నాళ్లకు చూసినా.

షెడ్డుకొచ్చినాక మళ్లీ అడిగినాడు,
ఈసారి మెల్లగా,
"నీకైతే ఏది?"
ఈ దేశంలో ఆ ప్రశ్న నన్నెవరూ వేయలేదు.
నాలుక నన్ను దాటిపోయింది. "పసుపుది."

కానీ రిపోర్టు రాయాలి గదా.
వచ్చీరాని అరబ్బీలో రాసినా.
క్లచ్చు, పంపు, వెనక ఎడమ బుష్షు,
ఏడాదికి రెండు వేల దినార్ల ఖర్చు,
మోకాలికి మంచిది కాదు,
బూడిద రంగుది తీసుకోండి.
కింద సంతకం, తెలుగులో.

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.
రేపు చెక్కు తెస్తానన్నాడు.
దేనికో చెప్పలేదు.

బయట దుమ్ము లేస్తోంది.
పసుపుదాని కప్పు మళ్లీ సగంలో ఆగింది.
చూసేందుకు ఎవరూ లేరు.
అరచేయి ఆనించి, కొంచెంసేపు అట్లనే ఉండి,
నెమ్మదిగా కూర్చోబెట్టినా.